పాట రాసిన వారి పేరు కూడా చెప్పండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

కొత్త సినిమా పాట విడుదలైన ప్రతిసారీ మీ సినిమా పేజీలో వచ్చే వార్తలను శ్రద్ధగా చదివే పాఠకుణ్ణి. ఆ వార్తల్లో కథానాయకుడు, కథానాయిక, దర్శకుడు, నిర్మాత, సంగీత దర్శకుడు, గాయనీగాయకులు, ఒక్కోసారి నృత్య దర్శకుడి పేరు కూడా ఉంటున్నాయి. పల్లవిలోని మొదటి పాదాన్ని శీర్షికగా పెడుతున్నారు. ఆ పాదం రాసిన మనిషి పేరు మాత్రం కొన్ని వార్తల్లో ఉంటుంది, చాలా వార్తల్లో ఉండదు. ఇది మీ ఒక్క పత్రికలోనే కనిపించే లోపం కాదు. టీవీ చానళ్లలో, ప్రైవేటు ఎఫ్.ఎం. స్టేషన్లలో, ఫోన్‌లో పాటలు వినే యాప్‌లలో, కాలేజీ వార్షికోత్సవాల్లో, ఊరి సభల్లో అంతటా ఇదే అలవాటుగా మారింది. పాట వినిపించే ప్రతిచోటా, పాట గురించి రాసే ప్రతిచోటా గీత రచయిత పేరు తప్పనిసరిగా ఉండాలని, ఆ పద్ధతిని మీ పత్రిక ముందుగా మొదలుపెట్టాలని కోరడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ కోరిక కొత్తదేమీ కాదు. ఆకాశవాణి దీన్ని దశాబ్దాలుగా పాటించింది. విజయవాడ కేంద్రంలోనైనా, హైదరాబాదు కేంద్రంలోనైనా పాట వేసే ముందు చిత్రం పేరు, రచన ఎవరిది, సంగీతం ఎవరిది, పాడింది ఎవరు అని నాలుగు ముక్కలూ చెప్పేవారు. జనరంజని వంటి కార్యక్రమాల్లో ఆ పాట కోరిన శ్రోతల పేర్లు, వారి ఊళ్ల పేర్లు కూడా వరసగా చదివేవారు. ఒక్క పాటకు పదిమంది శ్రోతల పేర్లు చదవడానికి సమయం దొరికిన చోట, కవి పేరు చెప్పడానికి సమయం చాలదన్న మాట ఏనాడూ రాలేదు. ఆకాశవాణిలో రచయిత పేరు చెప్పే పద్ధతి రావడానికి ఉర్దూ కవి సాహిర్ లుధియాన్వీ పట్టుదలే కారణమని సినిమా చరిత్ర రాసినవారు చెబుతారు. ఆ పట్టుదల ఫలం తెలుగు పాటకు కూడా దక్కింది. సముద్రాల, పింగళి, మల్లాది, ఆత్రేయ, ఆరుద్ర, దాశరథి, కొసరాజు, నారాయణరెడ్డి వంటి పేర్లు బడికి వెళ్లనివారి నోళ్లలో కూడా నానాయంటే, వారి పుస్తకాలు చదివి కాదు, రేడియోలో ప్రతిరోజూ ఆ పేర్లు వినడం వల్లనే.

దానికి తోడు పాటల పుస్తకాలు ఉండేవి. సినిమా హాలు దగ్గర కొద్ది పైసలకు దొరికే ఆ పలచని పుస్తకంలో ముందు నటీనటుల జాబితా, తరువాత సగంలో ఆపేసి మిగతాది వెండితెరపై చూడమని చెప్పే కథాసంగ్రహం, ఆ తరువాత పాటలు ఉండేవి. చాలా పుస్తకాల్లో ప్రతి పాటకూ పైనో కిందో రచయిత పేరు విడిగా వేసేవారు. ఈ విడిగా వేయడం ఎంత ముఖ్యమో ఇప్పుడు తెలుస్తోంది. పాత సినిమాల టైటిల్ కార్డులో ‘పాటలు’ అన్న మాట కింద ముగ్గురు నలుగురు కవుల పేర్లు కలిపి వేస్తారు, ఏ పాట ఎవరిదో అక్కడ తెలియదు. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రాన్నే తీసుకుంటే, జాతీయ పురస్కారం అందుకున్న ‘తెలుగు వీర లేవరా’ శ్రీశ్రీ రాసింది, ‘వస్తాడు నా రాజు’ నారాయణరెడ్డి గారు రాసింది. ఇంత పేరున్న చిత్రం కాబట్టి ఈ వివరం నిలిచింది. అంతగా పేరు రాని వందలాది చిత్రాల్లో ఏ పాట ఎవరు రాశారో తేల్చాలంటే గ్రామఫోను రికార్డు మీది లేబులో, పాటల పుస్తకమో దొరకాలి. ఆ రెండూ ఇప్పుడు కొద్దిమంది సేకర్తల ఇళ్లలో తప్ప ఎక్కడా కనబడవు. చెన్నైలో వి.ఎ.కె. రంగారావు గారి వంటి వారు జీవితమంతా వెచ్చించి రికార్డులు పోగుచేయకపోతే తెలుగు పాట చరిత్రలో మనకు మిగిలేది ఎంతో ఊహించడానికే భయం వేస్తుంది.

పేరు చెప్పకపోతే ఏం జరుగుతుందో మా ప్రాంతపు ఉదాహరణే ఒకటి చెబుతాను. తెనాలి నుంచి బాపట్ల వెళ్లే రైలుదారిలో అప్పికట్ల అనే ఊరు ఉంది. కొసరాజు రాఘవయ్య చౌదరి గారు పుట్టిన ఊరు అది. 1955లో వచ్చిన ‘రోజులు మారాయి’ చిత్రానికి ఆయన రాసిన ‘ఏరువాకా సాగారో’ పాటను మాస్టర్ వేణు సంగీతంలో జిక్కి పాడారు, దానికి వహీదా రెహమాన్ నాట్యం చేశారు. జ్యేష్ఠ పౌర్ణమికి ఏరువాక వేడుకలు జరిగే చోట ఇప్పటికీ ఆ పాట మైకులో వినిపించాల్సిందే. సంతోషించాల్సిన విషయమే. కానీ ఒక రైతు సభలో ఆ పాటకు పిల్లల చేత నృత్యం చేయిస్తూ, ‘మన పూర్వీకుల నుంచి వచ్చిన జానపద గీతం’ అని వేదిక మీద ప్రకటించారు. ఆ సభ జరిగిన ఊరు కవి పుట్టిన ఊరికి ఎంతో దూరంలో లేదు. కొసరాజు గారు జానపదుల బాణీని, పల్లె మాటను ఒంటబట్టించుకుని రాశారు కాబట్టే అది జానపదంలా వినిపిస్తుంది. పొలం గట్టు మీద పుట్టినట్టు అనిపించే పాట రాయడం వెనక ఎంత చదువు, ఎంత సాధన ఉంటాయో ఆ ప్రకటన విన్న పిల్లలకు తెలిసే అవకాశం లేకుండా పోయింది. కవి పేరు పోయినప్పుడు పేరుతో పాటు ఆ పని విలువ కూడా పోతుంది.

ఇది పాత పాటల గొడవ మాత్రమే అనుకోవడం పొరపాటు. 2019లో విడుదలై ఊరూవాడా మారుమోగిన ‘సామజవరగమన’ను ఎవరి పాట అని అడిగితే చాలామంది సిద్ శ్రీరామ్ పాట అంటారు, కొందరు తమన్ పాట అంటారు, మిగిలినవారు అల్లు అర్జున్ పాట అంటారు. వారి ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ పాట రాసింది సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు. అప్పటికి ముప్ఫై ఏళ్లకు పైగా పాటలు రాస్తున్న కవి, కుర్రకారు పాడుకునే మాటల్లో అంత తేటగా రాయగలిగారన్న సంగతి మీద చర్చ జరగాల్సింది. 2021 నవంబరు 30న ఆయన కన్నుమూశాక పత్రికలన్నీ పేజీలకు పేజీలు కేటాయించాయి. కవి పోయిన మర్నాడు వేసే ఆ జాబితాను, ఆయన ఉండగా ఒక్కొక్క పాట కింద ఒక్కొక్క పేరుగా వేసి ఉంటే ఆయన చూసి ఆనందించేవారు. వేటూరి గారు 2010లో వెళ్లిపోయినప్పుడూ ఇదే జరిగింది. అలాంటి నివాళి జాబితాల్లో ఒకరి పాటను మరొకరి ఖాతాలో వేయడం నేను చూశాను. బతికుండగా ప్రతి పాటకూ పేరు వేయకపోతే, హడావిడిగా నివాళి రాసే పాత్రికేయుడికి ఆధారం ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ మాట ఎత్తినప్పుడల్లా ఒక జవాబు వినబడుతుంది. ఈ రోజుల్లో ముందు ట్యూన్ కడతారు, తరువాత మాటలు నింపుతారు, కాబట్టి పాట ప్రధానంగా సంగీత దర్శకుడిదే అంటారు. బాణీకి రాయడం ఈ రోజు మొదలైంది కాదు, అది తేలికైన పని అంతకన్నా కాదు. సంగీత దర్శకుడు ‘తననాన’ అంటూ పాడి పంపిన బాణీలో ఎక్కడ అక్షరం సాగాలో, ఎక్కడ తెగాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ కొలతకు లోబడి, సన్నివేశానికి తగ్గట్టు, పాత్ర నోట పలికేట్టు, గాయకుడి గొంతుకు అడ్డుపడకుండా తెలుగు మాట వేయాలి. ‘నాటు నాటు’ పాటలో తొంభై శాతం సగం రోజులోనే అయిపోయిందని, మిగిలిన పది శాతానికి 19 నెలలు పట్టిందని చంద్రబోస్ గారు స్వయంగా చెప్పారు. పోలేరమ్మ జాతర, జొన్నరొట్టెలో మిరపతొక్కు, మర్రిచెట్టు నీడ వంటివి ఆ వేగంలో ఇమిడాయంటే అది ఆ నెలల శ్రమ ఫలితమే. 2023 మార్చిలో ఆ పాటకు ఆస్కార్ వచ్చింది. ఆ పురస్కారం పాట కట్టినవారికీ రాసినవారికీ ఇస్తారు. అందుకే కీరవాణి గారితో పాటు చంద్రబోస్ గారు వేదికెక్కి ప్రతిమ అందుకున్నారు. తెలుగు అక్షరం ముక్క రానివారు, పాటలోని మాట అర్థం కానివారు కూడా మాట రాసినవాణ్ణి వేదిక మీదికి పిలిచారు. మనం మాత్రం అంతకుముందు ఏడాది పొడవునా ఆ పాట గురించి మాట్లాడుకున్నప్పుడు ఇద్దరు కథానాయకుల స్టెప్పుల గురించే ఎక్కువగా మాట్లాడుకున్నాం. నాకది ఇప్పటికీ బాధగానే ఉంది.

మన దేశంలో కూడా ఉత్తమ గీత రచనకు జాతీయ పురస్కారం విడిగా ఉంది. శ్రీశ్రీ తరువాత ‘మాతృదేవోభవ’కు వేటూరి, ‘ఠాగూర్’కు సుద్దాల అశోక్‌తేజ, ‘కొండపొలం’కు చంద్రబోస్, ‘బలగం’కు కాసర్ల శ్యామ్ దాన్ని తెలుగుకు తెచ్చారు. పురస్కారం ప్రకటించిన రోజున మాత్రం అన్ని చానళ్లలో వారి పేర్లు వినబడతాయి.

టీవీలో పాటల పోటీల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. పిల్లలు పాట గురించి నేర్చుకునేది ఇప్పుడు అక్కడే కాబట్టి ఈ విషయంలో వాటి బాధ్యత అన్నింటికన్నా ఎక్కువ. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు ఏర్పరచిన సంప్రదాయం మనకు తెలుసు. పిల్లవాడు పాడటం పూర్తయ్యాక ఆ పాట ఎవరు రాశారు, ఏ సందర్భంలో రాశారు, ఫలానా మాటకు అర్థం ఏమిటి అని ఆయన ఆగి చెప్పేవారు. ఉచ్చారణలో ‘శ’, ‘ష’, ‘స’ల తేడా దొర్లితే అక్కడే దిద్దేవారు. మాట తెలియకుండా భావం పలకదని ఆయన నమ్మకం. తరువాతి కాలంలో అదే వేదిక మీద చంద్రబోస్ గారిని న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టడం కూడా మెచ్చుకోదగ్గ పని. కానీ ఆ ఒరవడి మిగతా చోట్లకు పాకలేదు. ఇటీవల ఒక పోటీ కార్యక్రమంలో పదేళ్ల పాప ఒక కష్టమైన పాటను ఎంతో బాగా పాడింది. తెర అడుగున పాట మొదటి మాట, చిత్రం పేరు, మొదట పాడినవారి పేరు పడ్డాయి. వ్యాఖ్యాత ఆ గాయకుడి పేరుతోనే పాటను పరిచయం చేశారు. న్యాయనిర్ణేతలు సంగతుల గురించి, శ్రుతి గురించి, ముఖంలో భావం గురించి చాలాసేపు మాట్లాడారు. రెండో చరణంలో ఒక సమాసాన్ని ఆ పాప మధ్యలో తప్పుగా విరిచి పాడింది. దాని అర్థం తారుమారైందని అక్కడున్న ఒక్కరూ చెప్పలేదు. ఆ పాపది తప్పనను, తనకు ఆ మాటలు రాసినవారొకరు ఉన్నారని, వారు ఫలానా ఉద్దేశంతో రాశారని ఎవరైనా చెప్పి ఉంటే ఆ బిడ్డ సరిగ్గానే పాడేది. తెర అడుగున మూడు పేర్లు పట్టిన చోట నాలుగో పేరు పట్టకుండా పోదు.

యాప్‌ల సంగతి చూద్దాం. ఫోన్‌లో పాట మొదలుపెట్టగానే తెర మీద సంగీత దర్శకుడి పేరు, గాయకుల పేర్లు కనిపిస్తాయి. రచయిత పేరు కోసం పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, అందులో వివరాల పేజీ తెరిచి, కిందికి జరుపుకుంటూ వెళ్లాలి. అక్కడ కూడా పాత పాటలకు కొన్నిసార్లు ఆ గడి ఖాళీగా ఉంటుంది, కొన్నిసార్లు సంగీత దర్శకుడి పేరే రచయితగా ఉంటుంది, కొన్నిసార్లు నలుగురు కవులు రాసిన చిత్రంలో పాటలన్నిటికీ ఒక్కరి పేరే ఉంటుంది. ఈ వివరాలను యాప్‌కు నింపి పంపేది పాట హక్కులున్న ఆడియో సంస్థ. ఒక గుమాస్తా ఒక పూట కూర్చుని పాటల పుస్తకం చూసి సరిచేయగల పని ఇది. పేరు సరిగా లేకపోవడం గౌరవానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. రచయితకు రావలసిన రాయల్టీ ఎవరికి చేరాలో తేల్చేది ఆ వివరాలే. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, సినిమా హాలులో చిత్రంతో పాటు వేయడం మినహా పాటను మరే విధంగా వాడుకున్నా గీత రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో సమాన వాటా ఉండాలని, దాన్ని వారు ఒప్పందంలో వదులుకోవడం కూడా చెల్లదని పార్లమెంటు తీర్మానించింది. గడిలో పేరే లేకపోతే ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది.

అదే చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం, హక్కులన్నీ అమ్మేసిన తరువాత కూడా ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. కానీ రికార్డు మీద, దాని కవరు మీద ఏమేమి వేయాలో చెప్పే 52ఏ సెక్షన్‌ను చూస్తే, ధ్వనిముద్రణ చేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట విడుదలైన సంవత్సరం వేయాలని ఉంది. రచయిత పేరు వేయాలని విడిగా లేదు. సంస్థ చిరునామా వేయకపోతే తప్పు, కవి పేరు వేయకపోతే తప్పు కాదు అన్నట్టుగా ఉన్న ఈ ఖాళీని పూరించమని మన రెండు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులు అడగాలి. హిందీ గీత రచయితలు స్వానంద్ కిర్కిరే, వరుణ్ గ్రోవర్, కౌసర్ మునీర్ తదితరులు 2020లో తమ పేర్లు వేయమని కోరుతూ అందరూ కలిసి ఒక పాటే రాసి పాడారు. తెలుగు కవుల వైపు నుంచి అటువంటి ఉమ్మడి గొంతు వినబడలేదు. అవకాశాలు ఇచ్చేవారిని నొప్పించడం వారికి కష్టం కావచ్చు. అందుకే ఆ మాట శ్రోతలమైన మనమే అడగాలి.

ఒక్క సందర్భంలో మాత్రం గీత రచయిత పేరు అందరికన్నా ముందు వినబడుతుంది. పాటలో ఏదైనా మాట మీద వివాదం వచ్చినప్పుడు ఎవరు రాశారని అందరూ అడుగుతారు, చర్చా కార్యక్రమాల్లో ఆ పేరే మారుమోగుతుంది. అలా అడగడం తప్పు కాదు, రాసినదానికి రాసినవారు జవాబుదారీ కావలసిందే. కానీ నిందలో పేరు చెప్పి మెప్పులో దాచడం న్యాయం కాదు. ప్రతి పాట కిందా తన పేరు పడుతుందని తెలిసినప్పుడు, ఆ పేరు తన పిల్లలు కూడా చదువుతారని తెలిసినప్పుడు, మాట వేసే చెయ్యి కూడా మరింత జాగ్రత్తగా ఉంటుందని నా విశ్వాసం.

పేరు వేయడం అసాధ్యమైన పని కాదనడానికి మన కళ్ల ముందే సాక్ష్యాలున్నాయి. తెలంగాణ పల్లెల్లో కుర్రవాళ్లు కొద్దిపాటి ఖర్చుతో తీసి యూట్యూబులో పెడుతున్న జానపద గీతాల పోస్టర్ల మీద రాసినవారి పేరు పాడినవారి పేరుకు సమానంగా కనిపిస్తుంది. పెద్ద సంస్థలు చేయలేమంటున్నది వారు చేస్తున్నారు. 1942 నాటి ‘దీనబంధు’ చిత్రం కోసం శంకరంబాడి సుందరాచారి గారు రాసిన ‘మా తెలుగు తల్లికి’ గీతం కింద పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు వేశారు కాబట్టే, టంగుటూరి సూర్యకుమారి గారి గొంతుతో పాటు ఆయన పేరు కూడా తరతరాలకు నిలిచింది. 2024లో ‘జయ జయహే తెలంగాణ’ను రాష్ట్ర గీతంగా స్వీకరించినప్పుడు కవి అందెశ్రీ గారి పేరు లేకుండా ఒక్క వార్త కూడా రాలేదు. రాష్ట్ర గీతానికి పాటించిన మర్యాదను సినిమా పాటకు ఎందుకు పాటించకూడదు? తెలుగువారిలో ఎక్కువమందికి రోజూ చెవిన పడే కవిత్వం సినిమా పాట ఒక్కటే.

మీ పత్రికకు నా విన్నపం ఇది. సినిమా పేజీలో పాట గురించి వచ్చే ప్రతి వార్తలోనూ, ఫొటో కింద వేసే వ్యాఖ్యలోనూ రచయిత పేరు ఉండాలని విలేఖరులకు ఒక నియమం పెట్టండి. నిర్మాణ సంస్థ పంపిన ప్రకటనలో ఆ పేరు లేకపోతే ఫోను చేసి అడిగి వేయండి. రెండు మూడు నెలలు అలా అడిగితే వారే రాసి పంపడం మొదలుపెడతారు. ఆదివారం అనుబంధంలో అరపేజీ కేటాయించి, పాఠకుల ఇళ్లలో అటకల మీద ఉన్న పాత పాటల పుస్తకాల నకళ్లు పంపమని పిలుపు ఇవ్వండి. వారానికొక చిత్రం చొప్పున ఏ పాట ఎవరిదో ప్రచురిస్తే అది తరువాతివారికి ఆధారంగా ఉంటుంది. యాప్‌లలోని తప్పులు దిద్దమని అడిగేవారికి కూడా చేతిలో రుజువు ఉంటుంది. మా మిత్రుల దగ్గర 1950ల నుంచి 1970ల దాకా వచ్చిన చిత్రాల పాటల పుస్తకాలు కొన్ని భద్రంగా ఉన్నాయి. మీరు పిలుపు ఇచ్చిన వారమే వాటి నకళ్లు తీయించి మీ తెనాలి విలేఖరికి అందజేస్తాం.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
తెనాలి.